మిసెస్ ఏ.వి.ఎన్. ఇంట్లో దుర్భిణి

గోదావరి పుష్కరాలు ఎప్పుడొస్తాయో మన కోనసీమ ఆడవాళ్ళని అడిగి చూడండి. పంచాంగం తీయకుండానే చెప్పేస్తారు. గురుడు సింహరాశిలో అడుగు పెట్టిన రోజు నుంచి పన్నెండు రోజులు. 1991లో వచ్చాయి, 2003లో వచ్చాయి, 2015లో వచ్చాయి, ఆ తర్వాత 2027లో. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేదిలో ఆ పన్నెండు రోజులూ ఇసకేస్తే రాలనంత జనం. పన్నెండేళ్ళకోసారే ఎందుకంటే, గురుడు సూర్యుడి చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి సుమారుగా అంతే పడుతుంది. సరిగ్గా లెక్క కడితే 11.86 సంవత్సరాలు.

పుష్కరాలొక్కటేనా? పెళ్ళి ముహూర్తం పెట్టాలంటే గురుబలం కావాలి. గురు మూఢం వచ్చిందంటే శుభకార్యాలన్నీ ఆగిపోతాయి. ఇంతగా మన ఇంటి పనుల్లో కలిసిపోయిన ఈ గురుడు చూడ్డానికి ఎలా ఉంటాడో ఎప్పుడైనా ఆలోచించారా? ఎక్కడున్నాడో పంచాంగం చెబుతుంది. ఎలా ఉన్నాడో చెప్పడానికి మాత్రం దుర్భిణి కావాలి.

దుర్భిణిలోంచి చూస్తే గురుడు చుక్కలా ఉండడు. కాస్త నొక్కిన నిమ్మపండులా గుండ్రంగా, లేత పసుపు రంగులో కనిపిస్తాడు. ఒంటి మీద అడ్డంగా ముదురు చారలుంటాయి. అవి నేల కాదు, మేఘాలు. గురుడికి మనకున్నట్టు గట్టి నేలంటూ లేదు. మనం చూసేదంతా మేఘాల పై పొరే. ఆ చారలు ఒక ఏడాది వెడల్పుగా ఉంటాయి, ఇంకో ఏడాది సన్నబడతాయి. ఒక్కోసారి ఒక చార చారే మాయమైపోయి, కొన్నాళ్ళకి మళ్ళీ తేలుతుంది. అందుకే గురుణ్ణి ఒకసారి చూసి ఊరుకుంటే చాలదు. రోజూ చూడాలి, చూసింది రాసి పెట్టుకోవాలి.

ఇలా ఇంట్లోనే దుర్భిణి పెట్టుకుని, రాత్రుళ్ళు ఆకాశం చూసి, చూసిందాన్ని లెక్కగా రాసిన తెలుగువారు నూట యాభై ఏళ్ళ కిందటే ఉన్నారంటే నమ్ముతారా? ఉన్నారు. మనకి దూరం కూడా కాదు, విశాఖపట్నంలో. ఆయన పేరు మనందరికీ తెలుసు, కానీ తెలుసన్న సంగతే మనకి తెలీదు! విశాఖలో మిసెస్ ఏ.వి.ఎన్. కాలేజీ ఉంది కదా. మీ వారో, మీ అన్నయ్యో, లేదా మీరో చదివే ఉంటారు. ఆ ఏ.వి.ఎన్. అంటే అంకితం వెంకట నరసింగరావు గారు. ఆ మిసెస్ ఆయన భార్య అచ్చయ్యమ్మ గారు. ఆ ఇంట్లో ఉన్న దుర్భిణి కథే ఇది.

మామగారి సరదా

ఈ కథ నరసింగరావు గారితో మొదలవదు, ఆయన మామగారితో మొదలవుతుంది. గోడే వారు విశాఖలో పేరుమోసిన జమీందార్లు. ఆ కుటుంబంలో 1817లో పుట్టారు గోడే వెంకట జగ్గారావు గారు. జమీందారు బిడ్డ అంటే ఏం చేస్తాడనుకుంటాం? గుర్రాలు, వేట, భోగం. ఈయన మాత్రం కుర్రతనంలోనే మద్రాసు వెళ్ళి, అక్కడి వేధశాలలో టేలర్ దొర దగ్గర ఖగోళ విద్య నేర్చుకున్నారు.

మద్రాసు వేధశాల అంటే ఈస్టిండియా కంపెనీ వారిది. 1792లో నుంగంబాక్కంలో కట్టారు. టేలర్ దొర 1830 నుంచి 1848 దాకా దానికి అధిపతి. నక్షత్రాల స్థానాలు కొలిచి పెద్ద పట్టిక తయారుచేసిన మనిషి. ఆయన దగ్గర నేర్చుకోవడమంటే ఊరికే దుర్భిణిలో చూసి ఆహా అనడం కాదు. గడియారం సరిచూసుకోవడం, కోణాలు కొలవడం, పేజీలకు పేజీలు లెక్కలు కట్టడం!

చదువు ముగించుకుని వచ్చాక జగ్గారావు గారు 1840లో విశాఖలో, ఇప్పటి దాబా గార్డెన్స్ ప్రాంతంలో, సొంత ఖర్చుతో వేధశాల కట్టించారు. పరికరాలు తెప్పించారు. అక్కడితో ఆగలేదు. సముద్రం మీద వెళ్ళే ఓడలకి సరైన సమయం తెలియడం ప్రాణావసరం. గడియారం తప్పితే ఓడ ఎక్కడుందో లెక్క తప్పుతుంది. అందుకని డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా కొయ్య పెట్టించి, ఓడలకీ ఊరివారికీ సమయం తెలిసే ఏర్పాటు చేశారు. నక్షత్రాల్ని చూసి సరిచేసిన గడియారం ఊరందరికీ పనికొచ్చిందన్నమాట. సరదా పనికిరాని పని అనుకునేవాళ్ళకి ఇంతకంటే జవాబేం కావాలి?

కానీ ఆయుష్షు చాలలేదు. 1856లో ముప్పై తొమ్మిదేళ్ళకే జగ్గారావు గారు పోయారు. ఇంటి పెద్ద పోతే ఇలాంటి వస్తువుల గతి ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. వీణ అటకెక్కుతుంది, పుస్తకాలు చెదలపాలవుతాయి, పరికరాలు తూకానికి పోతాయి. ఇత్తడి గొట్టాలు, అద్దాలు ఎవరిక్కావాలి?

అల్లుడు చేసిన పని

జగ్గారావు గారి అల్లుడే అంకితం వెంకట నరసింగరావు గారు. పుట్టింది 1827లో. అంటే మామగారికీ అల్లుడికీ తేడా పదేళ్ళే! అప్పటికి ఆయన కంపెనీ ప్రభుత్వంలో డిప్యూటీ కలెక్టరు. ఆ రోజుల్లో మనవాళ్ళకి అందే ఉద్యోగాల్లో అదే గొప్ప. గుమ్మం ముందు బంట్రోతు, ఊళ్ళో పరపతి, నెల నెలా జీతం, పైవాళ్ళ దగ్గర మాట చెల్లుబడి.

నరసింగరావు గారు ఆ ఉద్యోగాన్ని వదులుకున్నారు. ఇంటి ఆస్తి వ్యవహారాలూ, మామగారి వేధశాలా చూసుకోవడానికి వెళ్ళిపోయారు. డబ్బుకి లోటు లేని కుటుంబమే, నిజమే. అయినా కలెక్టరు కచేరీలో కుర్చీ వదులుకుని, రాత్రుళ్ళు దుర్భిణి ముందు కూర్చుంటానంటే ఈ రోజుల్లోనైనా ఏ ఇంట్లో ఊరుకుంటారు చెప్పండి!

ఆకాశం చూడటం ఎంత కష్టమో బయటికి తెలీదు. అందరూ పడుకున్నాక మొదలవుతుంది ఆ పని. దోమలు, మంచు, ఉక్క. కన్ను అద్దానికి ఆనించి, చెవి గడియారం టిక్కుమనే చప్పుడు మీద పెట్టి కూర్చోవాలి. మబ్బు పడితే ఆ రాత్రి పోయినట్టే. విశాఖ లాంటి సముద్రపు ఊళ్ళో వర్షాకాలమంతా అదే తంతు. పైగా ఉప్పుగాలికి ఇత్తడి నల్లబడుతుంది, ఇనుము తుప్పు పడుతుంది, అద్దాలకి బూజు పడుతుంది. తుడవాలి, నూనె వేయాలి, మూత పెట్టాలి. మన వంటింటి పని లాంటిదే ఇదీ. చేస్తున్నన్నాళ్ళూ ఎవరికీ కనిపించదు, మానేస్తేనే కనిపిస్తుంది.

ఆ పని నరసింగరావు గారు ఏళ్ళ తరబడి చేశారు. తోకచుక్కలు, గ్రహణాలు, సూర్యబింబం మీదుగా బుధుడూ శుక్రుడూ దాటిపోవడం, ఇవన్నీ గమనించారు. చూసింది చూసినట్టు రాసి లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపేవారు. ఆ సంఘం పత్రికలో విశాఖపట్నం పేరుతో అవి అచ్చయ్యేవి. మామగారి పరికరాలతో సరిపెట్టుకోకుండా, ఆరంగుళాల దుర్భిణి కూడా సమకూర్చుకున్నారు. ఆరంగుళాలంటే గొట్టం పొడవు కాదు సుమా, ముందున్న అద్దం అడ్డుకొలత. గొట్టం ఏడడుగుల పైచిలుకు ఉంటుంది. భూమి తిరుగుడుకి తగ్గట్టు అదీ మెల్లగా తిరిగేలా బిగిస్తారు. లేకపోతే చూస్తూండగానే చుక్క పక్కకి జారిపోతుంది.

అంతర్వేది మీదుగా నీడ

ఆయన ఈ పనిలో ఉన్న రోజుల్లోనే మన తెలుగు నేల మీద ప్రపంచమంతా చెప్పుకున్న సంఘటన ఒకటి జరిగింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ గుంటూరు, మచిలీపట్నం మీదుగా వచ్చి బంగాళాఖాతంలోకి వెళ్ళింది. మన అంతర్వేది కూడా ఆ నీడ దారిలోనే ఉంది. సాగర సంగమం దగ్గర పట్టపగలు చీకటి పడి, చుక్కలు కనిపించే వేళ అది. విశాఖ కాస్త ఉత్తరాన ఉండటంతో అక్కడ గ్రహణం సంపూర్ణం కాలేదు, సూర్యుడు చాలామటుకు కప్పుకుపోయాడు.

దేశదేశాల నుంచి దొరలు దుర్భిణులు మోసుకుని వచ్చారు. ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో మకాం పెట్టాడు. మద్రాసు వేధశాల అధికారి పాగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. ఆ గ్రహణం నాడు సూర్యుడి అంచు వెలుగును పరీక్షించినప్పుడు కనిపించిన ఒక పసుపు గీత, తర్వాత హీలియం అనే కొత్త పదార్థం ఉనికికి దారి చూపింది. పిల్లల పుట్టినరోజు బుడగల్లో నింపుతారే, ఆ హీలియమే! భూమి మీద దొరకడానికంటే ముందు మన గుంటూరు, మచిలీపట్నం ఆకాశంలో దాని జాడ దొరికిందన్నమాట.

శుక్రుడు సూర్యుణ్ణి దాటిన ఉదయం

నరసింగరావు గారి పేరు బయటి ప్రపంచానికి బాగా తెలిసింది 1874 డిసెంబరు 9న. ఆ రోజు శుక్రుడు సరిగ్గా సూర్యుడికీ భూమికీ మధ్యకి వచ్చి, సూర్యబింబం మీద చిన్న నల్లని చుక్కలా ఒక పక్క నుంచి ఇంకో పక్కకి నడిచి వెళ్ళాడు. మన లెక్కలో చెప్పాలంటే నిండు శుక్ర మూఢం!

ఇందులో వింతేమిటంటారా? ఇది మనిషి జీవితంలో ఒకటి రెండుసార్లకు మించి రాదు. అంతకు ముందు వచ్చింది 1769లో. 1874 తర్వాత 1882లో వచ్చింది గానీ అది మన దేశంలో కనిపించలేదు. ఆ తర్వాత 2004, 2012ల్లో వచ్చింది. ఇక మళ్ళీ 2117లోనే. సూర్యుడు మనకి ఎంత దూరంలో ఉన్నాడో కొలవడానికి ఆ కాలంలో దీన్ని మించిన దారి లేదు. భూమి మీద వేరువేరు చోట్ల నుంచి చూస్తే శుక్రుడు సూర్యబింబం మీద వేరువేరు గీతల వెంట నడిచినట్టు కనిపిస్తాడు. ఒక వేలు ముక్కు ముందు పెట్టుకుని, ఒకసారి కుడికన్ను, ఒకసారి ఎడమకన్ను మూసి చూడండి. వేలు పక్కకి జరిగినట్టు కనిపిస్తుందా? అదే సూత్రం. ఎక్కడెక్కడ ఎన్ని గంటల ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్లకి శుక్రుడు లోపలికి వెళ్ళాడు, ఎప్పుడు బయటికి వచ్చాడు అన్నది తెలిస్తే, దూరం లెక్క కట్టవచ్చు.

అందుకే పెద్ద పెద్ద దేశాలు ఓడల్లో మనుషుల్ని పంపాయి. రూర్కీలో బ్రిటిష్ వారు, బెంగాల్లో ఇటలీ వారు మకాం వేశారు. ఒడిశాలో ఖండపడకు చెందిన పఠాణి సామంత చంద్రశేఖర్ గారు దుర్భిణి లేకుండానే, సొంతంగా చేసుకున్న పరికరాలతో గమనించారు. విశాఖలో నరసింగరావు గారికి ఎవరూ ఓడ పంపలేదు, ఎవరూ జీతం ఇవ్వలేదు. ఆరంగుళాల దుర్భిణి ఉంది, మామగారి కాలం నుంచి సరిచూస్తూ వచ్చిన గడియారం ఉంది. పొద్దెక్కుతుండగా మొదలై మధ్యాహ్నం వేళకి ముగిసిన ఆ సంక్రమణాన్ని ఆయన గమనించి, సమయాలు రాసి లండన్‌కి పంపారు. ప్రభుత్వాల పద్దుల సరసన ఒక తెలుగు ఇంటి పద్దు కూడా చేరింది.

ఆయనకి దొరికింది, ఆమెకి దొరకనిది

1870ల తొలినాళ్ళలోనే రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ నరసింగరావు గారిని సభ్యుడిగా తీసుకుంది. పరాయి పాలనలో ఉన్న దేశం నుంచి, కాలేజీ పంతులు కూడా కాని ఒక గృహస్థుకి ఇది చిన్న విషయం కాదు.

ఇదే కాలంలో మన పక్కనే జరిగిన ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. మద్రాసు వేధశాల అధికారి పాగ్సన్‌కి ఐసిస్ అని ఒక కూతురు. 1873 నుంచి ఆ అమ్మాయి తండ్రి దగ్గర సహాయకురాలిగా చేరి లెక్కలు కట్టేది. తర్వాత మద్రాసు రాజధానికి వాతావరణ అధికారిణిగా కూడా పనిచేసింది. 1886లో తండ్రి ఆమె పేరును అదే సొసైటీ సభ్యత్వానికి ప్రతిపాదించాడు. సొసైటీ నిబంధనలు మగవాళ్ళకే వర్తిస్తాయని వకీళ్ళు తేల్చడంతో ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకోవలసి వచ్చింది. సొసైటీ తలుపులు ఆడవాళ్ళకి తెరుచుకున్నది 1916లో. ఐసిస్ సభ్యురాలైంది 1920లో. అప్పటికి ఆమెకి అరవై ఏడో, అరవై ఎనిమిదో ఏళ్ళు!

విశాఖ జమీందారుకి తెరుచుకున్న తలుపు, దొరసానికి కూడా తెరుచుకోలేదన్నమాట. ఇక మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ మాట చెప్పేదేముంది? నరసింగరావు గారి వేధశాల గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

ఎర్రమచ్చ మెరిసిన రోజులు

1878 ప్రాంతంలో గురుడి మీద ఒక పెద్ద వింత కనిపించింది. కింది సగంలో ఇటుక రంగులో కోడిగుడ్డు ఆకారంలో ఒక మచ్చ కొట్టొచ్చినట్టు తేలింది. ఇప్పుడు పిల్లల పాఠ్యపుస్తకాల్లో గ్రేట్ రెడ్ స్పాట్ అని చదువుకుంటున్నారే, అదే. అది ఒక మహా తుఫాను. అప్పట్లో దాని పొడవు సుమారు 40,000 కిలోమీటర్లు, అంటే మూడు భూములు పక్కపక్కన పెడితే సరిపోయేంత! ఇప్పుడు కుంచించుకుపోయి భూమి కంటే కొంచెం పెద్దదిగా మిగిలింది. మన తుఫానులు నాలుగు రోజులు కొట్టి పోతాయి. ఆ తుఫాను అప్పటి నుంచీ ఆగకుండా తిరుగుతూనే ఉంది.

దాన్ని ఏళ్ళ తరబడి గమనించింది ఎవరనుకున్నారు? ఎక్కువమంది నరసింగరావు గారి లాంటి ఔత్సాహికులే. ఇంగ్లండులో బ్రిస్టల్‌లో డెన్నింగ్ అనే ఆయన లెక్కల గుమాస్తాగా బతుకుతూ రాత్రుళ్ళు గురుణ్ణి చూసేవాడు. వాళ్ళ పద్ధతి చాలా సులువైనది. గురుడు తన చుట్టూ తాను పది గంటల కంటే కాస్త తక్కువలోనే తిరుగుతాడు, 9 గంటల 55 నిమిషాలు. కాబట్టి ఏ మచ్చైనా ఒక అంచున పుట్టి, మెల్లగా జరిగి, నట్టనడుమకి వచ్చి, అవతలి అంచున మాయమవుతుంది. నట్టనడుమకి వచ్చిన నిమిషం రాసుకోవాలి. అంతే! మర్నాడు, వారం తర్వాత, నెల తర్వాత మళ్ళీ రాసుకోవాలి. ఆ సమయాలు పోల్చి చూస్తే, ఏ మేఘం ముందుకు పోతోంది, ఏది వెనకబడుతోంది, గురుడి మీద గాలులు ఎటు వీస్తున్నాయి అన్నీ తెలిసిపోతాయి. గడియారం, పుస్తకం, ఓపిక ఉంటే చాలు. పాలవాడి లెక్క, చాకలి పద్దు తప్పకుండా రాసే మనకి ఇది రాని విద్యా?

ఇందులో ఊరూరి నుంచీ చూసేవాళ్ళు కావాలి. ఇంగ్లండులో పగలైనప్పుడు మనకి రాత్రి. అక్కడి వాళ్ళకి కనిపించని వైపు మనకి కనిపిస్తుంది. పైగా విశాఖ లాంటి దక్షిణపు ఊళ్ళలో గ్రహాలు నడినెత్తికి వస్తాయి, బింబం స్థిరంగా ఉంటుంది. శ్రీలంకలో ట్రింకోమలీలో ఉద్యోగం చేసిన మోల్స్‌వర్త్ అనే సైనికాధికారి ఇందుకు సాక్ష్యం. 1901లో గురుడి మీద ఒక కొత్త మసక ప్రాంతాన్ని మొదట పట్టుకున్నది ఆయనే. అది ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్ళు కనిపించింది.

1933 ఆగస్టు 3న శని మీద పెద్ద తెల్లమచ్చ తేలింది. దాన్ని కనిపెట్టిందెవరో తెలుసా? విల్ హే అనే సినిమా హాస్యనటుడు! లండన్‌లో తన ఇంటి తోటలోంచి చూశాడు. అతని దుర్భిణి కూడా ఆరంగుళాలదే, మన నరసింగరావు గారి దానిలాగే. తెర మీద తింగరి మాస్టారు వేషాలు వేసి నవ్వించిన మనిషి, పెద్ద పెద్ద వేధశాలల కంటే ముందు శనిగ్రహపు తుఫానును చూశాడు. 2009 జులైలో గురుణ్ణి ఏదో వచ్చి ఢీకొట్టి నల్లమచ్చ పడినప్పుడు, దాన్ని మొదట చూసింది ఆస్ట్రేలియాలో ఆంథొనీ వెస్లీ అనే కంప్యూటరు ఉద్యోగి, తన పెరట్లోంచి. పెద్ద దుర్భిణులకి సవాలక్ష పనులు. రోజూ ఒకే గ్రహాన్ని ప్రేమగా చూసే తీరిక ఇంటి దుర్భిణికే ఉంటుంది.

అచ్చయ్యమ్మ గారి నిర్ణయం

1892లో నరసింగరావు గారు కన్నుమూశారు. వయసు అరవై అయిదు. ముప్పై అయిదేళ్ళ పైచిలుకు ఆయన కనిపెట్టుకుని ఉన్న వేధశాల మళ్ళీ దిక్కులేనిదైంది. 1856లో తండ్రి పోయినప్పుడు అచ్చయ్యమ్మ గారి ఇంట్లో ఏ ప్రశ్న వచ్చిందో, ఇప్పుడు భర్త పోయినప్పుడు అదే ప్రశ్న వచ్చింది. ఈ దుర్భిణిని ఏం చేయాలి?

అప్పుడైతే అందుకోవడానికి అల్లుడున్నాడు. ఇప్పుడు నిర్ణయం ఆమెది. ఆ కాలపు వితంతువు అంటే ఎలాంటి బతుకో ఊహించుకోండి. గుమ్మం దాటి నలుగురిలోకి వచ్చే వీలుండదు. ఆస్తి ఉన్నా దాని మీద మాట చెల్లడం ఎంత కష్టమో మన అమ్మమ్మలు చెప్పగా విన్నాం. పరికరాలు అమ్మేస్తే డబ్బొస్తుంది. అలాగే వదిలేస్తే ఉప్పుగాలి తినేస్తుంది. ఆమె ఈ రెండూ చేయలేదు. 1894లో వేధశాలను, దాని నిర్వహణకి కావలసిన నిధితో సహా, ప్రభుత్వానికి అప్పగించారు. వస్తువును దానం చేయడం వేరు, అది నడవడానికి దారి చూపించి దానం చేయడం వేరు. ఆవును ఇచ్చి గడ్డి కూడా ఇచ్చినట్టు!

ఆ తర్వాత అక్కడ ముఖ్యంగా వాతావరణ పరిశీలన సాగింది. గాలి ఒత్తిడి, వేడి, వాన లెక్కలు ఏటేటా పుస్తకాలుగా అచ్చయ్యాయి. 1876 అక్టోబరులో విశాఖ తీరాన్ని పెద్ద తుఫాను దెబ్బతీసింది. దాని మీద ప్రత్యేకంగా నివేదిక కూడా వెలువడింది. 1996 నవంబరు తుఫాను చూసిన కోనసీమ వాళ్ళకి గాలి ఒత్తిడి లెక్క ఎందుకు రాయాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆకాశం మీద సరదాతో మొదలైన ఇల్లు, చివరికి తీరం వాళ్ళ ప్రాణాలకి సంబంధించిన పనిలోకి వచ్చింది.

ఇక కాలేజీ సంగతి. 1860లో బడిగా మొదలై, 1878లో కాలేజీగా ఎదిగిన హిందూ కాలేజీకి ఈ కుటుంబం ఇచ్చిన భూరి విరాళంతో అది మిసెస్ ఏ.వి.ఎన్. కాలేజీ అయింది. ఆ కాలేజీకి 1892లో లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పడానికి చంద్రశేఖర అయ్యర్ అనే లెక్చరర్ వచ్చారు. ఆయన రెండో కొడుకు అప్పటికి నాలుగేళ్ళవాడు. విశాఖలోనే పెరిగి, ఆ కాలేజీలోనే ఎఫ్.ఏ. చదివి, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్ళాడు. సముద్రం నీలంగా ఎందుకుంటుందని ఆలోచించి, 1930లో నోబెల్ బహుమతి తెచ్చిన సి.వి. రామన్ ఆయనే!

మూడు అక్షరాల ముందు ఒక మాట

ఇప్పుడు ఆ కాలేజీ పేరు మళ్ళీ ఒకసారి చదవండి. అందులో ఏ అంటే అంకితం, వి అంటే వెంకట, ఎన్ అంటే నరసింగరావు. మూడూ భర్తవే. అచ్చయ్యమ్మ గారిది ఆ ముందున్న మిసెస్ ఒక్కటే. తరతరాలుగా వేలమంది ఆ బోర్డు కింద నుంచి నడిచి వెళ్ళారు. ఆ మాటలో ఒక మనిషి ఉందని, ఆమెకో పేరుందని ఎంతమంది తలుచుకుని ఉంటారు?

నరసింగరావు గారిని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఉద్యోగం వదిలి, నిద్ర మాని, మామగారి దీపాన్ని ఆరిపోకుండా కాపాడిన మనిషి ఆయన. ఎవరో మెచ్చుకుంటారని చేసిన పని కాదు. కానీ ఆ దీపం చేతులు మారిన రెండుసార్లూ మధ్యన ఉన్నది ఒకే ఒక్క మనిషి. జగ్గారావు గారికి కూతురు, నరసింగరావు గారికి భార్య. తండ్రి కట్టిన దాన్ని భర్త నిలబెడితే, భర్త నిలబెట్టిన దాన్ని ఆమె నలుగురికీ ఇచ్చింది. ఆమె ఆ రోజు అమ్మేయండి అని ఒక్క మాట అనుంటే ఈ కథ అక్కడితో సరి.

ఇప్పుడు దాబా గార్డెన్స్ అంటే దుకాణాలు, ఆఫీసులు, హారన్ల మోత. అక్కడ నిలబడి పైకి చూస్తే వీధిదీపాల వెలుగులో చుక్కలు కూడా సరిగా కనిపించవు. ఆ రకంగా చూస్తే మన పల్లెటూళ్ళే నయం. అంతర్వేది తీరంలో, సఖినేటిపల్లి లంకల్లో కరెంటు పోయిన రాత్రి ఆకాశం ఎలా ఉంటుందో చూసినవాళ్ళకి తెలుసు.

దుర్భిణి కొనాలని ఎవరూ అనరు. పక్షుల్ని చూసే మామూలు బైనాక్యులర్స్ ఉంటే చాలు. గురుడు రాత్రిపూట కనిపించే నెలల్లో డాబా ఎక్కి, మోచేతులు పిట్టగోడకి ఆనించి, కదలకుండా పట్టుకుని చూడండి. గురుడి పక్కనే ఒకే వరసలో రెండో, మూడో, నాలుగో చిన్న చుక్కలు కనిపిస్తాయి. అవి గురుడి చందమామలు. 1610లో గెలీలియో మొదటిసారి చూసింది వాటినే. మర్నాడు చూస్తే చోటు మారి ఉంటాయి. ఏ వైపు ఎన్ని ఉన్నాయో క్యాలెండరు వెనక గీసి పెట్టండి. వారం రోజులు గీస్తే చాలు, అవి గురుడి చుట్టూ తిరుగుతున్నాయని మీ గీతలే మీకు చెబుతాయి. ఒక్క జాగ్రత్త: సూర్యుడి వైపు మాత్రం బైనాక్యులర్స్ పొరపాటున కూడా తిప్పకండి, పిల్లల చేతికి పగటిపూట ఇవ్వకండి. క్షణంలో చూపు పోతుంది.

ఇంట్లో ఆడపిల్ల ఉంటే ఆ క్యాలెండరు మీద గీసే పని ఆమెకే అప్పగించండి. కింద తారీఖు, టైము, తన పేరు రాయమనండి. మిసెస్ ఫలానా అని కాదు, తన సొంత పేరు.